పాట చేజారింది, వేదిక మిగిలింది: రోలింగ్ స్టోన్స్ అరవై ఏళ్ళ లెక్కలు

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ కొత్త టూర్ అనో, కొత్త ఆల్బమ్ అనో వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి. ఎనభై దాటినా ఏం ఓపిక అని కొందరు, ఇంత సంపాదించాక ఇంకా ఎందుకీ తాపత్రయం అని కొందరు. ఓపిక ఉన్న బ్యాండ్లు బోలెడు, డబ్బు మీద ఆశ ఉన్నవి అంతకన్నా బోలెడు. 1962లో పెట్టిన పేరుతో ఇప్పటికీ స్టేడియాలు నింపుతున్నవి మాత్రం వెతికినా దొరకవు. కాబట్టి మనుషుల స్వభావం దగ్గర ఆగిపోతే ఈ సంగతి అంతుపట్టదు. పాట ఎవరి ఆస్తి, పేరు ఎవరి ఆస్తి, టికెట్ డబ్బు ఏ దారిన పోతుంది అన్నవి చూడాలి. అలా చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఈ బ్యాండ్ ఇన్నేళ్ళు నిలవడానికి ఒక పెద్ద కారణం, తొలి ఎనిమిదేళ్ళ పాటల్ని పోగొట్టుకోవడమే.

ఉన్నవాళ్ళు, వెళ్ళినవాళ్ళు

1962 జూలై 12న లండన్ మార్కీ క్లబ్‌లో తొలి కచేరీ. బ్యాండ్ పెట్టిందీ, పేరు ఎంచిందీ గిటారిస్టు బ్రయాన్ జోన్స్. చికాగో బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం) గాయకుడు మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకున్న పేరది. గాయకుడు మిక్ జాగర్, గిటారిస్టు కీత్ రిచర్డ్స్, పియానో వాయించే ఇయాన్ స్టీవర్ట్ అప్పుడే ఉన్నారు. బేస్ గిటార్ బిల్ వైమన్ ఆ డిసెంబరులో, డ్రమ్మర్ చార్లీ వాట్స్ 1963 జనవరిలో చేరారు.

అక్కడి నుంచి రాకపోకలు మొదలు. 1963లో మేనేజర్ ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్, స్టీవర్ట్ రూపం బ్యాండ్‌కు నప్పదని ఫొటోల్లోంచి తప్పించాడు. ఆయన మాత్రం అలిగి వెళ్ళిపోలేదు. సామాన్లు మోస్తూ, పియానో వాయిస్తూ 1985లో చనిపోయేదాకా వాళ్ళతోనే ఉన్నాడు. బ్రయాన్ జోన్స్‌ను 1969 జూన్‌లో తీసేశారు, జూలై 3న ఆయన చనిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన మిక్ టేలర్ 1974 చివర్లో వెళ్ళిపోయాడు. 1975 టూర్‌కు వచ్చిన రానీ వుడ్ ఉండిపోయాడు. వైమన్ 1993లో తప్పుకున్నాడు. వాట్స్ 2021 ఆగస్టు 24న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మొదటి కచేరీ నాటివాళ్ళలో ఇప్పుడు మిగిలింది జాగర్, రిచర్డ్స్ ఇద్దరే.

ఒక పాటకు రెండు హక్కులు

ఇక్కడ చాలామంది తికమకపడతారు. మనం వినే ప్రతి పాట మీదా విడివిడిగా రెండు ఆస్తులుంటాయి. మొదటిది రచన, అంటే సాహిత్యమూ బాణీ. రాసినవాళ్ళో, వాళ్ళ నుంచి హక్కు పొందిన పబ్లిషింగ్ కంపెనీయో దీని యజమాని. రెండోది స్టూడియోలో తీసిన ఫలానా రికార్డింగ్, వ్యాపారంలో మాస్టర్ అంటారు. ఇది మామూలుగా రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. సినిమాలోనో ప్రకటనలోనో ఆ పాట వాడాలంటే రెండింటికీ అనుమతి కావాలి. ఎవరైనా కొత్తగా పాడి రికార్డు చేస్తే మొదటిదానికి మాత్రమే కావాలి.

వేదిక మీద పాడటం మూడో సంగతి. 2017లో అమెరికాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కచేరీలు చేస్తుండగా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి నోటీసు వచ్చినప్పుడు మన దగ్గర ఎంత చర్చ జరిగిందో గుర్తుండే ఉంటుంది. అమెరికా, బ్రిటన్‌లలో దీనికో అలవాటైన పద్ధతి ఉంది. రచయితల సొసైటీలు లక్షల పాటలకు కలిపి ఒకే లైసెన్సు ఇస్తాయి, హాలు యజమానో, కచేరీ ఏర్పాటు చేసే ప్రమోటరో ఆ రుసుము కడతాడు. దాంతో వేదిక ఎక్కేవాడు పాట పాటకూ పబ్లిషర్ దగ్గరికి వెళ్ళి అడగక్కర్లేదు. వసూలైన సొమ్ము రచయితకు సగం, పబ్లిషర్‌కు సగం వెళ్తుంది. ఈ ఒక్క వెసులుబాటు మీదే స్టోన్స్ తర్వాతి బతుకంతా నిలబడింది.

అరవైల పాటలు ఎలా పోయాయి

ఓల్డ్‌హామ్ 1963లో డెక్కా కంపెనీతో చేసుకున్న ఒప్పందం ఆ రోజుల్లో తెలివైనదే. రికార్డింగ్ తామే చేయించి, ఆ టేపుల్ని డెక్కాకు లీజుకిచ్చారు. అంటే మాస్టర్లు డెక్కావి కావు, మేనేజర్ల కంపెనీవి. 1965లో న్యూయార్క్ అకౌంటెంట్ అలెన్ క్లైన్ రంగంలోకి దిగి డెక్కాతో గట్టిగా బేరమాడి అంతకుముందు ఎవరూ ఊహించని అడ్వాన్స్ రాబట్టాడు. బ్యాండ్ సంతోషించింది. అయితే బ్రిటన్‌లో వాళ్ళకు నాంకర్ ఫెల్జ్ మ్యూజిక్ అనే కంపెనీ ఉంటే, క్లైన్ అమెరికాలో సరిగ్గా అదే పేరుతో ఇంకోటి పెట్టాడు. దాని యజమాని ఆయనే. డబ్బూ హక్కులూ అందులోకి చేరాయి. తర్వాత ఓల్డ్‌హామ్ వాటా కూడా క్లైన్ కొనుక్కున్నాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కొంతకాలం చదివిన జాగర్ ఉన్న బ్యాండ్‌కే ఇదంతా జరిగింది.

క్లైన్ పక్షం వాదన కూడా ఉంది. ఆయన లేకపోతే అంత రాయల్టీ వచ్చేదే కాదు. డబ్బును ఒకేసారి ఇవ్వకుండా ఏళ్ళ తరబడి విడతలుగా ఇచ్చే ఏర్పాటు వల్ల ఆనాటి బ్రిటిష్ పన్ను భారం తగ్గింది కూడా. సంతకాలూ బ్యాండ్‌వే. 1970లో తెగతెంపులు చేసుకున్నారు, కేసులు నడిచాయి, 1972లో రాజీ కుదిరింది. క్లైన్ కంపెనీ ఆబ్‌కో చేతిలో 1971కి ముందరి మాస్టర్లు, ఆ కాలపు రచనల హక్కులు ఉండిపోయాయి. సొంత లేబుల్ మీద 1971లో వచ్చిన ‘బ్రౌన్ షుగర్’లో కూడా ఆబ్‌కోకు వాటా ఉంది. ఆ పాట రికార్డు చేసింది 1969 డిసెంబరులో, పాత ఒప్పందం ఇంకా నడుస్తున్నప్పుడు.

దీని ఫలితం రెండు పాటలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1981 నాటి ‘స్టార్ట్ మీ అప్’ను 1995లో విండోస్ 95 ప్రచారానికి మైక్రోసాఫ్ట్ తీసుకుంది. రచన, మాస్టర్ రెండూ బ్యాండ్ వైపే ఉండటంతో బేరమాడే అధికారం పూర్తిగా వాళ్ళదే. 1965 నాటి ‘శాటిస్‌ఫాక్షన్’ అసలు రికార్డింగ్‌ను ఎవరైనా ప్రకటనకు అడిగితే వెళ్ళాల్సింది ఆబ్‌కో దగ్గరికి. జాగర్, రిచర్డ్స్‌లకు రచయితల వాటా అందుతుంది గానీ తాళం వాళ్ళ చేతిలో లేదు. పాతా కొత్తా పాటల్ని కలిపి ఒక సంకలనం వేయడానికి కూడా ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. అలాంటిది మొదటిసారి సాధ్యమైంది 2002లో, ‘ఫార్టీ లిక్స్’తో.

అదే ‘శాటిస్‌ఫాక్షన్’ను స్టేడియంలో పాడితే? టికెట్ డబ్బు బ్యాండ్‌ది. టీషర్టు డబ్బు బ్యాండ్‌ది. ఆ కచేరీని రికార్డు చేస్తే కొత్త మాస్టర్ కూడా బ్యాండ్‌దే, రచనకు కట్టాల్సింది కడితే చాలు. కచేరీ జాబితాలో సగానికి దగ్గరగా అరవైల పాటలే ఉండే బ్యాండ్‌కు ఇంతకన్నా స్పష్టమైన సంకేతం ఏం కావాలి? పాత పాటల మీద పూర్తి ఆదాయం కావాలంటే లేచి వెళ్ళి పాడాల్సిందే.

పొదుపు నేర్పిన బ్యాంకరు

క్లైన్ తర్వాత డబ్బు వ్యవహారాలు చూసింది రూపర్ట్ లోవెన్‌స్టయిన్ అనే బ్యాంకరు. 1968లో పరిచయమై 2007 దాకా ఉన్నాడు. పన్ను బకాయిలు తీర్చే దారి లేక 1971 వసంతంలో బ్యాండ్ మొత్తం బ్రిటన్ వదిలి దక్షిణ ఫ్రాన్స్‌కు మకాం మార్చింది ఆయన సలహా మీదే. తర్వాత ఆదాయాన్ని నెదర్లాండ్స్ కంపెనీల గుండా నడిపించారు. చట్టబద్ధమే అయినా పన్ను ఎగ్గొట్టే తెలివి అని దీన్ని విమర్శించినవాళ్ళున్నారు, ఆ విమర్శలో పస లేకపోలేదు. మొత్తానికి ఇదొక బ్యాండ్‌లా కాకుండా కంపెనీలా ఆలోచించడం నేర్చుకుంది అప్పుడే.

బ్యాండ్ గుర్తుగా వాడే నాలుక బొమ్మ సంగతి ఇందుకు చిన్న ఉదాహరణ. 1970లో జాన్ పాష్ అనే కళా విద్యార్థి దాన్ని గీసినందుకు ఇచ్చింది 50 పౌండ్లు, తర్వాత ఇంకో 200. 1984లో దాని కాపీరైట్‌ను 26,000 పౌండ్లకు కొనేశారు. ఆ బొమ్మ వేసిన టీషర్టులు ఎన్ని దేశాల్లో అమ్ముడవుతున్నాయో చూస్తే అది ఎంత చవక బేరమో తెలుస్తుంది.

1989: ఊరికో ప్రమోటర్ పోయాడు

అంతకుముందు టూర్ అంటే ఒక్కో ఊళ్ళో ఒక్కో ప్రమోటర్. హాలు మాట్లాడటం, టికెట్లు అమ్మడం అతని పని. వచ్చినదాంట్లో అతని వాటా పోగా మిగిలింది బ్యాండ్‌కు. ప్రతి ఊళ్ళో లెక్క వేరు, మోసం జరిగే సందులు కూడా వేరు. 1989 ‘స్టీల్ వీల్స్’ టూర్‌కు కెనడా ప్రమోటర్ మైకేల్ కోల్ వేరే ప్రతిపాదన తెచ్చాడు. టూర్ మొత్తం తానే కొంటానన్నాడు. టికెట్లు, టీషర్టులు, స్పాన్సర్ ఒప్పందాలు, టీవీ ప్రసారాలు అన్నీ ఒకే మూటలో కట్టి, ఒక భారీ మొత్తానికి ముందే హామీ ఇచ్చాడు. 1981, 82 టూర్లు నడిపిన పేరుమోసిన బిల్ గ్రాహమ్ ఈ పోటీలో ఓడిపోయాడు. నష్టం వస్తే కోల్‌ది. బ్యాండ్ ఆదాయం మాత్రం మొదటి కచేరీకి ముందే ఖాయం.

ఆ తర్వాత పెద్ద టూర్లన్నీ దాదాపు ఈ దారినే పట్టాయి. స్టోన్స్ 2005–07 టూర్ వసూళ్ళు 55 కోట్ల డాలర్లు దాటాయి, అప్పటికి అదే రికార్డు. మన దేశంలో వాళ్ళు పాడింది కూడా ఈ కొత్త పద్ధతిలోనే. 2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, 7న ముంబై బ్రేబోర్న్ స్టేడియం. అదే టూర్‌లో సార్స్ వ్యాధి భయంతో చైనా కచేరీలు రద్దయ్యాయి, హాంకాంగ్‌వి వాయిదా పడ్డాయి. తెలుగు ప్రాంతాలకు వాళ్ళు అతి దగ్గరగా వచ్చింది ఆ బెంగళూరు రాత్రే.

వాటా ఎవరికి, జీతం ఎవరికి

స్టోన్స్ వేదిక మీద పన్నెండు మంది దాకా కనిపిస్తారు. యజమానులు మాత్రం ముగ్గురు: జాగర్, రిచర్డ్స్, వుడ్. కీబోర్డు వాయించే చక్ లెవెల్ 1982 నుంచి వాళ్ళతో ఉన్నాడు. పాటల వరుస, ఏ పాట ఎంత వేగంలో ఎత్తుకోవాలి అన్నవి రాసి పెట్టుకునేది ఆయనే. బేస్ గిటార్ డారిల్ జోన్స్ 1994 నుంచి ఉన్నాడు, అంటే వైమన్ ఉన్నంత కాలం ఈయనా ఉన్నట్టే. అయినా ఇద్దరూ బయటి కళాకారుల కిందే లెక్క. రానీ వుడ్ కూడా తొంభైల మొదటి దాకా జీతం మీదే పనిచేశాడు.

అన్యాయంగా కనిపించే ఈ ఏర్పాటుకు ఒక ప్రయోజనం ఉంది. ఎవరైనా వెళ్ళిపోతే పేరు మీద గొడవ రాదు. ఈ జాగ్రత్త లేనిచోట ఏం జరిగిందో చూడండి. 1980లో డీప్ పర్పుల్ తొలి గాయకుడు రాడ్ ఎవాన్స్ సంబంధం లేని నలుగురిని కూడగట్టుకుని ఆ పేరుతో అమెరికాలో కచేరీలు చేశాడు. అసలు బ్యాండ్ యాజమాన్యం కోర్టుకెళ్ళి 6,72,000 డాలర్ల తీర్పు తెచ్చుకుంది. పింక్ ఫ్లాయిడ్‌లో కథ ఇంకా జటిలం. 1985లో బయటికొచ్చిన రోజర్ వాటర్స్, తాను లేకుండా ఆ పేరు వాడకూడదని దావా వేశాడు. 1987 డిసెంబరులో రాజీ కుదిరి పేరు బ్యాండ్‌లో ఉన్న గిల్మోర్, మేసన్‌లకు మిగిలింది, ‘ది వాల్’ ప్రదర్శన హక్కు వాటర్స్‌కు దక్కింది. ఎక్కువ పాటలు రాసినవాడికి పేరు దక్కాలన్న నియమం ఎక్కడా లేదు. ఒప్పందంలో ఏముంటే అదే.

ఎనభైలో రెండు గంటలు ఎలా

1972 అమెరికా టూర్‌లో 54 రోజుల్లో 45కు పైగా కచేరీలు చేశారు. 2024లో ఏప్రిల్ 28 నుంచి జూలై 21 వరకు, 85 రోజుల్లో 20. అంటే సగటున నాలుగు రోజులకు ఒకటి. గొంతుకూ మోకాళ్ళకూ ఆ విరామం కావాలి. కచేరీ మధ్యలో రిచర్డ్స్ రెండు మూడు పాటలు పాడతాడు, అభిమానులకు అది ముచ్చట, జాగర్‌కు తెరవెనక విశ్రాంతి. పై స్థాయి స్వరాలు బెర్నార్డ్ ఫౌలర్ వంటి సహగాయకులు అందుకుంటారు.

రిచర్డ్స్ చేతివేళ్ళ కణుపులు కీళ్ళ అరుగుదలతో ఉబ్బి ఉండటం దూరం నుంచే కనబడుతుంది. అరవైల చివర్లో ఆయన పట్టుకున్న ఓపెన్ జి శృతి ఇప్పుడు ఆయనను ఆదుకుంటోందని నా అంచనా. మామూలు గిటార్‌కు ఆరు తీగలు. ఆయన అన్నిటికన్నా లావు తీగను తీసేస్తాడు. మిగిలిన ఐదింటినీ లావు నుంచి సన్నం వైపు జి, డి, జి, బి, డి అని శృతి చేస్తాడు. ఏ వేలూ పెట్టకుండా మీటితేనే జి మేజర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) పలుకుతుంది. ఐదో మెట్టు మీద ఒక్క వేలు అడ్డంగా ఆనిస్తే సి మేజర్. మామూలు శృతిలో ఇందుకు మూడు నాలుగు వేళ్ళు వేర్వేరు చోట్ల వంచాలి. ఆరో తీగ ఉంచితే అది కింది డి స్వరాన్ని మోగించి కార్డ్ మొదలు స్వరాన్ని మసకబారుస్తుంది, అందుకే తీసేయడం. చిక్కు కూడా ఉంది. శృతి దించిన తీగల్లో బిగువు తగ్గి స్టేడియం గాలికీ వేడికీ జారిపోతుంటాయి. పాటకూ పాటకూ మధ్య సహాయకుడు వేరే గిటార్ అందించడానికి ఒక కారణం ఇదే.

ఇంత చేసినా ప్రమాదాలు తప్పవు. 2006లో ఫిజీలో రిచర్డ్స్ చెట్టు మీంచి పడి మెదడుకు ఆపరేషన్ జరిగింది, యూరప్ కచేరీలు వెనక్కి జరిగాయి. 2019 ఏప్రిల్‌లో జాగర్‌కు గుండె కవాటం మార్చారు. అదే ఏడాది జూన్ 21న షికాగోలో మళ్ళీ వేదిక ఎక్కాడు.

టికెట్ ఎందుకంత ఖరీదు

కచేరీలు తగ్గితే టికెట్ ఎందుకు పెరుగుతుందో ఒక ఊహాలెక్క వేద్దాం. ఇవి స్టోన్స్ అంకెలు కావు, లెక్క తీరు చూపడానికే. టూర్ నడిచే ప్రతి రోజూ, కచేరీ ఉన్నా లేకున్నా, జీతాలు, హోటళ్ళు, లారీలు, అద్దె సామగ్రికి 5 లక్షల డాలర్లు అవుతాయనుకోండి. 85 రోజులకు 4.25 కోట్లు. 20 కచేరీలైతే ఒక్కోదాని మీద 21.25 లక్షలు పడుతుంది. 45,000 టికెట్లకు పంచితే టికెట్‌కు 47 డాలర్లు. అదే 85 రోజుల్లో 40 కచేరీలు చేయగలిగితే 24 డాలర్లకు దిగుతుంది. పైగా స్టేడియం వేదిక ఉక్కు చట్రం కట్టడానికే రోజులు పడుతుంది. అందుకే పెద్ద టూర్లకు ఒకటికి మించి చట్రాలుంటాయి, ఒక ఊళ్ళో కచేరీ జరుగుతుండగా ఇంకోటి తర్వాతి ఊళ్ళో లేస్తుంటుంది. ఆపైన రద్దుకు బీమా. వయసు పెరిగేకొద్దీ ఆ ప్రీమియం ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఖర్చులు పోగా మిగిలినదాంట్లో ఈ స్థాయి కళాకారులకు 85 నుంచి 90 శాతం దాకా వెళ్ళడం మామూలు. కాబట్టి ధరకు ఖర్చులొక్కటే కారణమంటే నమ్మక్కర్లేదు. ధర తగ్గిస్తే ఆ తేడా బ్లాకులో అమ్ముకునేవాళ్ళ జేబులోకి పోతుందని ఒక వాదన. ఇరవై ఏళ్ళ కుర్రాడు లోపలికి రాలేని కచేరీకి రేపటి ప్రేక్షకులెక్కడ అని ఇంకో వాదన. 2024 టూర్‌కు స్పాన్సర్ ఏఏఆర్‌పీ, అమెరికాలో 50 దాటినవాళ్ళ సంస్థ. ఆ ఒక్క సంగతి చాలు, ముందు వరసల్లో ఎవరున్నారో తెలియడానికి. మధ్యేమార్గంగా ‘లక్కీ డిప్’ టికెట్లు పెట్టారు. చవక, కానీ సీటు ఎక్కడో ముందు చెప్పరు. కచేరీ రోజు గుర్తింపు కార్డు చూపించి తీసుకుని నేరుగా లోపలికి వెళ్ళాలి. తిరిగి అమ్ముకునే వీలుండదు.

ఇంకా అదే బ్యాండేనా

చార్లీ వాట్స్ పోయాక ఈ ప్రశ్నకు బలం వచ్చింది. వాట్స్ రెండో, నాలుగో దెబ్బ స్నేర్ డ్రమ్ మీద కొట్టేటప్పుడు హై-హ్యాట్ (జంట తాళాలు) మీది చెయ్యి పైకెత్తేవాడు. చాలామంది డ్రమ్మర్లు రెండూ కలిపి కొడతారు. ఆ చిన్న ఖాళీ వల్ల స్నేర్ ఒంటరిగా, కొంచెం ఆలస్యంగా పడినట్టు వినిపించేది. ఆయన స్థానంలో వాయిస్తున్న స్టీవ్ జోర్డన్ వాయిద్యంలో దెబ్బ బరువు ఎక్కువ. మంచి డ్రమ్మరే, రిచర్డ్స్‌తో 1980ల నుంచి పనిచేసినవాడే, తాను కోలుకునేదాకా అతను వాయిస్తాడని వాట్స్ స్వయంగా ప్రకటించినవాడే. అయినా పాటల నడక మారింది. ఇది కాదనలేం.

ఇది జ్ఞాపకాల వ్యాపారం తప్ప కొత్త సృష్టి లేదన్నవాళ్ళకు ఆధారం లేకపోలేదు. 2005 తర్వాత కొత్త సొంత పాటలతో ఆల్బమ్ రావడానికి 2023 దాకా 18 ఏళ్ళు పట్టింది. ఆ ‘హాక్నీ డైమండ్స్’కు 2025లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చిందని ఎదుటిపక్షం గుర్తుచేస్తుంది. ఇంకో మాట కూడా అంటుంది: వీళ్ళు గురువులుగా ఎంచుకున్నది బ్లూస్ వాళ్ళని. బీబీ కింగ్ 89వ ఏట దాకా వేదిక ఎక్కాడు. మంగళంపల్లి ఎనభై దాటాక పాడితే మనం వయసు జోకులు వేయలేదు. రాక్ కుర్రకారుది అన్న ముద్ర వల్లే ఈ వెక్కిరింపంతా. నాకు ఈ వాదన సగం నచ్చుతుంది. కర్ణాటక సంగీతంలో వయసుతో మనోధర్మం పెరుగుతుంది. అదే ‘శాటిస్‌ఫాక్షన్’ను అదే పొడవులో వెయ్యోసారి పాడటం వేరు.

హక్కుల గడువు

పింక్ ఫ్లాయిడ్ 2024లో తమ రికార్డింగులు, పేరు, బొమ్మల హక్కుల్ని సోనీకి దాదాపు 40 కోట్ల డాలర్లకు అమ్మిందని వార్తలొచ్చాయి. 1971 తర్వాతి పాటల్ని అమ్మే ఆలోచన తమకు లేదని జాగర్ 2023లో చెప్పాడు. బాగా బతకడానికి తన పిల్లలకు 50 కోట్ల డాలర్లు అక్కర్లేదని, ఆ ఆస్తి ధర్మకార్యాలకు పోవచ్చని కూడా అన్నాడు.

ఆబ్‌కో చేతిలోని పాత మాస్టర్లకు మాత్రం కాలం దగ్గరపడుతోంది. బ్రిటన్‌లో 2013 నవంబరులో రికార్డింగుల రక్షణను 50 నుంచి 70 ఏళ్ళకు పెంచారు. అందువల్ల 1963 జూన్ నాటి తొలి సింగిల్‌కు 2033 చివరి వరకు, 1965 నాటి ‘శాటిస్‌ఫాక్షన్’ మాస్టర్‌కు 2035 చివరి వరకు గడువుంది. భారతదేశంలో రికార్డింగుకు రక్షణ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళే. ఆ లెక్కన ఇక్కడ తొలి సింగిల్ మాస్టర్ గడువు 2023తో, ‘శాటిస్‌ఫాక్షన్’ది 2025తో ముగుస్తాయి. అలాగని హైదరాబాద్‌లో ఎవరైనా దాన్ని సినిమాలో పెట్టేసుకోవచ్చనుకుంటే పొరపాటు. రచన హక్కు వేరు. ఇద్దరు కలిసి రాసినదానికి, వాళ్ళలో చివరగా చనిపోయినవారి తర్వాత ఇంకా 60 ఏళ్ళు అది నడుస్తుంది. జాగర్, రిచర్డ్స్ విషయంలో ఆ గడియారం ఇంకా మొదలే కాలేదు. పైగా ఆ సినిమా విదేశాల్లో ఆడాలన్నా, అక్కడి ఓటీటీలో రావాలన్నా, ఆ దేశపు గడువు చూసుకుని మళ్ళీ ఆబ్‌కో తలుపు తట్టాల్సిందే.